ఏడు నిమిషాలు

విజయనగరం కంటోన్మెంటులో
పాత పేపర్లు తూచే కొట్లో దొరికింది ఆవిడ,
కిలో పద్దెనిమిది రూపాయల లెక్కన.
ముందట్ట లేదు. పేరు లేదు.
వెనకట్ట మీద
చెదలు తినగా మిగిలిన బతుకు ఉంది:
అమెరికాలో ఏదో ఏటి ఒడ్డు మిల్లు ఊరు,
తండ్రి మగ్గాల మేస్త్రీ,
పదకొండో ఏట నుంచే కండెలు మార్చే పని,
మొదటి పద్యం జీతం కవరు మీద.
తర్వాత కొన్ని పద్యాలు, ఒక నవల,
నాలుగు రాత్రులాడి ఆగిపోయిన నాటకం.
ముసలితనంలో పిల్లలకి టైపు నేర్పిందట.
ఆ కింది వాక్యం చెదల కడుపులో ఉంది.

నెల్లిమర్ల మిల్లుకి తాళం పడి
అప్పటికి నలభై రోజులు.
నేను టైమాఫీసు గుమస్తాని.
గేటు దాటిన ప్రతి మనిషినీ
నిమిషాల్లోకి తర్జుమా చేసినవాణ్ణి.
ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చెయ్యడం
అదే మొదలు.

పద్యాలు కొన్ని అర్థం కాలేదు, అబద్ధమెందుకు.
మంచు మీద రాసినవి నాకేం తెలుస్తాయి?
కానీ ఒకచోట
దూది నుసి పీల్చిన తల్లి నిద్రలో దగ్గుతుంటే
ఆ దగ్గులు లెక్కపెడుతూ పడుకున్న పిల్ల ఉంది.
గోగునార నుసికీ అదే దగ్గు.
ఆ పేజీ పోలమ్మకి చదివి వినిపిస్తే
"ఈ గుంట ఏ ఈదిదోయ్ బావూ?" అంది.

నవల సాగింది, సాగింది.
ముప్పై పేజీలు విందులూ టోపీలూ.
ఆవిడకీ అప్పులుండి ఉంటాయి,
పేజీకింత అని రాసి ఉంటుంది.
నాటకం మాత్రం ఒక్క రాత్రిలో చదివేశాను.
అందులో సమ్మె ఉంది, మూసిన గేటు ఉంది,
గడియారం ముల్లుని
ఏడు నిమిషాలు ముందుకి తోసే టైంకీపరున్నాడు.
వాడికి పేరు పెట్టలేదావిడ.
లైటార్పి చాలాసేపు కూచున్నాను.

చంపావతి ఇసకలో రిహార్సళ్లు.
మంచు తీసేసి తుపాను పెట్టాం.
రొట్టె తీసేసి అంబలి పెట్టాం.
లెంక గౌరీసు సమ్మె నాయకుడు,
పోలమ్మ కండెల పిల్లకి తల్లి.
టైంకీపరు ఎవరన్న మాట వచ్చినప్పుడు
ఒక్కడూ నా వైపు చూడలేదు.
అంతమంది ఒకేసారి చూడకపోతే
అదీ చూపే.

ఇసక లారీ డాలా దించితే అదే స్టేజీ.
గేటు దీపాలు కంపెనీ ఆర్పేసింది,
జనం సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.
ముందు వరసలో బెవర అప్పన్న.
కూతురి పురుడు రోజున
నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని
సగం పూట కోసింది నేనే.
ఎర్ర సిరాతో.

మూడో రంగం. ఆవిడ రాసిన ప్రకారం
టైంకీపరు గడియారం జేబులో వేసుకుని
ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోవాలి.
నేను కదల్లేదు.
"ఆ ఏడు నిమిషాలూ నేనే తీశాను," అన్నాను.
"ఎక్కడ దాచానో నాకే తెలీదు."

పుస్తకంలో లేని మాట.
పోలమ్మ తన మాట మర్చిపోయింది.
అప్పన్న బీడీ ఆర్పి
మళ్లీ అంటించుకున్నాడు. అంతే.
క్షమించాడా అని నేను అడగలేదు,
అడిగే మొహం కాదు.

కరపత్రంలో రచన అన్నచోట ఖాళీ వదిలితే
గౌరీసు బొగ్గుముక్కతో నింపాడు:
"నేత డిపార్ట్‌మెంటు మనిషి."

మర్నాడు మిల్లు తెరవలేదు.
ఆ వారమూ తెరవలేదు.
మేం మాత్రం నెల్లిమర్లలో, గుర్లలో, గజపతినగరంలో
అయిదో రాత్రి కూడా ఆడాం.
అక్కడ నీకు నాలుగే ఇచ్చారు కదా.

మేస్త్రీ కూతురా, పేరు తెలియనిదానా,
నీ మాటల్లో నా మాట ఒకటి కలిపాను.
తప్పయితే
నా పూటలోంచి కోసుకో.